చదవలేని నాణెం కొనకండి: పసాయ్, అచే, కెలాంతన్ బంగారు నాణేల గురించి

ప్రశ్న: మాది తెనాలి. ఉద్యోగరీత్యా 4 ఏళ్లుగా కౌలాలంపూర్‌లో ఉంటున్నాను. నాన్నగారు దాచిన విజయనగరపు పణాలు మూడు నా దగ్గరున్నాయి. ఆ ఇష్టంతోనే ఇక్కడి పాత బంగారు నాణేలు సేకరించాలని ఉంది. తెలిసిన వ్యాపారి ఒకాయన రెండు చూపించాడు. ఒకటి సుమత్రాలోని పసాయ్ రాజ్యానిదట, బరువు 0.58 గ్రాములు. దాని మీద "మలిక్ అజ్‌-జాహిర్" అని రాసి ఉంది కాబట్టి 1297 నాటిదే అంటున్నాడు. రెండోదాని మీద జింక బొమ్మ ఉంది, మలేసియా ఈశాన్యంలోని కెలాంతన్‌దట. ఇవి కాక సుమత్రా ఉత్తర కొసన ఉన్న అచే నుంచి ఒకరు ఫోన్‌లో 5 నాణేల ఫొటో పంపి, అన్నీ కలిపి తీసుకుంటే తక్కువకిస్తామంటున్నారు. అసలువో నకిలీవో ఎలా తేల్చుకోవాలి? సెలవులకు వచ్చేటప్పుడు ఇంటికి తీసుకురావచ్చా?
– ఒక పాఠకుడు, కౌలాలంపూర్

జవాబు: ఒక నెల ఆగండి. ఆ ఏడింటిలో ఏదీ ఇప్పుడే కొనకండి. ఈ నెల రోజుల్లో రెండు పనులు చెయ్యండి: అరబీ అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకోండి, మిల్లీగ్రాము దాకా చూపే త్రాసు ఒకటి కొనుక్కోండి. మలయ్ ప్రాంతపు బంగారు నాణేల్లో ఎక్కువ భాగానికి బొమ్మ ఉండదు, తేదీ ఉండదు, టంకశాల పేరు ఉండదు. ఉన్నదల్లా రెండు పక్కలా నాలుగైదు మాటలు. ఆ మాటలు చదవగలిగితే అది చరిత్ర. చదవలేకపోతే మీ చేతిలో ఉన్నది అర గ్రాము తక్కువ వన్నె బంగారం. వ్యాపారి చదివి చెప్పింది నమ్మి కొన్నవారే ఈ రంగంలో ఎక్కువగా నష్టపోతారు. ఆయన మోసగాడే కానక్కర్లేదు, ఆయనకూ ఇంకెవరో అలా చెప్పి ఉంటారు.

మీ మొదటి నాణెం దగ్గరే ఇది చూడండి. పసాయ్ తొలి సుల్తాన్ మలిక్ అస్‌-సాలిహ్ 1297లో చనిపోయాడు, ఆయన సమాధి రాయి మీద హిజ్రీ 696 అని ఉంది. కొడుకు ముహమ్మద్ "మలిక్ అజ్‌-జాహిర్" అనే బిరుదుతో 1326 దాకా ఏలాడు. మీ వ్యాపారి లెక్క ఇక్కడిదాకా సరే. కానీ ఆ బిరుదు ముహమ్మద్‌తో ఆగలేదు. తర్వాత వచ్చిన అహ్మద్ కూడా మలిక్ అజ్‌-జాహిరే. ఆపైన జైనుల్ ఆబిదీన్ వంటివారూ అదే బిరుదు పెట్టుకున్నారు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1345–46లో అక్కడికి వెళ్లినప్పుడు తనకు ఆతిథ్యమిచ్చిన సుల్తాన్‌ను "అల్‌-మలిక్ అజ్‌-జాహిర్" అనే రాశాడు, అంటే ముహమ్మద్ పోయిన ఇరవై ఏళ్ల తర్వాత. కాబట్టి బిరుదు చూసి సంవత్సరం చెప్పడం కుదరదు. బిరుదు పక్కనున్న సొంత పేరు చదవాలి.

అది పెద్ద కష్టం కాదు. అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. "ముహమ్మద్" అనే మాట మీమ్ అనే చిన్న గుండ్రని ముడితో మొదలవుతుంది. తర్వాత హా, మళ్లీ మీమ్, చివర దాల్. ఇందులో ఎక్కడా పొడవాటి నిలువు గీత లేదు. "అహ్మద్" మాత్రం అలిఫ్ అనే నిటారు గీతతో మొదలవుతుంది, తర్వాత హా, మీమ్, దాల్. కుడి చివర ముడి ఉంటే ముహమ్మద్, నిలువు గీత ఉంటే అహ్మద్. "జైనుల్ ఆబిదీన్" బాగా పొడవైన పేరు. మొదటి రెండింటితో పొరబడే వీలు లేదు. ఈ నాణేల మీద అక్షరాల చుక్కలు చాలాసార్లు ఉండవు, కాబట్టి చుక్కలను నమ్ముకోకుండా అక్షరాల ఆకారాన్నే పట్టుకోవాలి.

రెండో పక్క ఏముందో కూడా తెలుసుకోండి. "అస్‌-సుల్తాన్ అల్‌-ఆదిల్", న్యాయం తప్పని సుల్తాన్ అని. పసాయ్ నాణేల మీద ఇదే మాట. 1524లో అచే రాజు అలీ ముఘాయత్ షా పసాయ్‌ని గెలుచుకున్నాక అచే నాణేల మీదికీ ఇదే మాట వచ్చింది. అంటే ఈ పక్క ఎంత స్పష్టంగా ఉన్నా రాజెవరో తేలదు. ఫొటోలో ఈ పక్క మాత్రమే పంపి "చూడండి ఎంత బాగా పడిందో" అనేవారు చాలామంది. రాజు పేరున్న పక్క అరిగిపోయిందనో, అచ్చు తప్పిందనో అనుకోండి, ఆ నాణెం ధర సగానికి పైగా పడిపోవాలి.

అయితే ఈ పక్క వల్ల ఒక ఉపయోగం ఉంది. అది నకిలీని పట్టిస్తుంది. నిలువు గీతలు లెక్కపెట్టండి. "అస్‌-సుల్తాన్" అనే మాటలో ఐదు: అలిఫ్, లామ్, మళ్లీ లామ్, తోయ్ అక్షరపు కాడ, అలిఫ్. "అల్‌-ఆదిల్"లో నాలుగు: అలిఫ్, లామ్, అలిఫ్, చివర లామ్. మొత్తం తొమ్మిది. అచ్చు కన్నా బిళ్ల చిన్నది కావడంతో అంచున ఒకటి రెండు గీతలు నాణెం బయటికి పోవడం మామూలే. కానీ మధ్యలో గీతలు ఎక్కువైతే, గీత ఎటూ అతకకుండా అలంకారంలా నిలబడితే, తోయ్ కాడ కింద దాని గుడ్డు ఆకారం లేకపోతే, అచ్చు చెక్కినవాడికి ఆ లిపి రాదని అర్థం. పాతకాలపు చెక్కుడు అందంగా లేకపోవచ్చు, వంకరగా ఉండొచ్చు, కానీ అక్షరానికీ అక్షరానికీ మధ్య సంబంధం తప్పదు.

ఇక బరువు. పసాయ్, అచే నాణేలు 0.55 నుంచి 0.60 గ్రాముల మధ్య తూగుతాయి. వ్యాసం 10 నుంచి 12 మిల్లీమీటర్లు. మీకు చెప్పిన 0.58 సరిగ్గా సరిపోయే అంకె, అందుకే అదొక్కటే చూసి సంతోషపడకూడదు. నకిలీ చేసేవాడికి కూడా బరువు తెలుసు. బంగారం కొట్లోని త్రాసు సాధారణంగా 0.01 గ్రాము దాకా చూపుతుంది. 0.58 మీద 0.01 అంటే దాదాపు 2 శాతం తేడా. 0.001 చూపే చిన్న త్రాసు కావాలి, దానితోపాటు తూకం సరిచూసుకునే రాయి కూడా కొనండి. ఫ్యాను గాలి తగిలితే మూడో అంకె ఊగిపోతుంది. ఫ్యాను ఆపి, మూత వేసి, మూడుసార్లు తూచి సగటు తీసుకోండి.

బరువు, వ్యాసం, మందం మూడూ కలిపి చూస్తే చాలావరకు తేలిపోతుంది. పసాయ్ బంగారం పదిహేడు, పద్దెనిమిది క్యారెట్ల మధ్యది. చైనా నౌకాదళంతో 15వ శతాబ్దం మొదట్లో వచ్చిన మా హువాన్ కూడా అక్కడి నాణెంలో బంగారం 70 శాతమనే రాశాడు. ఆ మిశ్రమం సాంద్రత, కలిసింది రాగి ఎక్కువైతే 14.3, వెండి ఎక్కువైతే 15.4 దగ్గర. 11 మిల్లీమీటర్ల వెడల్పు, 0.58 గ్రాముల బరువు ఉన్న నాణెం మందం 0.4 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండాలి. అదే వెడల్పు, అదే బరువుతో ఇత్తడి మీద పూత పూసి చేస్తే మందం 0.7కి పోతుంది. చేత్తో పట్టుకుంటేనే బిళ్ల లావుగా అనిపిస్తుంది. మందం కొలవడానికి ప్లాస్టిక్ దవడల వెర్నియర్ వాడండి. ఉక్కు దవడలు ఈ పలుచని బిళ్లను గీసేస్తాయి.

నీళ్లలో తూచే పరీక్ష గురించి మీరు చదివే ఉంటారు. చెయ్యండి, కానీ దాని హద్దు తెలుసుకుని చెయ్యండి. గాజు గ్లాసులో నీళ్లు త్రాసు మీద పెట్టి సున్నా చేసి, సన్నటి నైలాన్ దారంతో నాణేన్ని అడుగుకు, గోడకు తగలకుండా నీళ్లలో వేలాడదియ్యాలి. త్రాసు చూపే అంకె నాణెం తప్పించిన నీటి బరువు. గాలిలో బరువును దానితో భాగిస్తే సాంద్రత. మీ 0.58 గ్రాముల నాణేనికి అసలుదైతే ఆ అంకె 0.038 నుంచి 0.041 మధ్య రావాలి. వెండి మీద పూతైతే 0.055, రాగి మీదైతే 0.065 వస్తుంది. పూతల్ని పట్టుకోవడానికి ఇది చాలు. కానీ వన్నె చెప్పడానికి చాలదు. మూడో అంకెలో ఒక్కటి తేడా వస్తే సాంద్రత 14.5 కావాల్సింది 14.9 అవుతుంది, ఒక్క గాలి బుడగ అతుక్కుంటే లెక్క మొత్తం తప్పుతుంది. అందుకే నీళ్లలో గిన్నెలు తోమే ద్రావకం ఒక్క చుక్క వెయ్యండి, బుడగలు నిలవవు. "నీళ్లలో తూచాను, 17.2 క్యారెట్లు" అని దశాంశాలతో చెప్పేవారిని నమ్మకండి, ఇంత చిన్న నాణెంలో ఆ ఖచ్చితత్వం దొరకదు.

గీటురాయి మీద మాత్రం గీయించకండి. మన కంసాలికిచ్చినా, అక్కడి బంగారం కొట్లో ఇచ్చినా మొదట చెయ్యబోయేది అదే. అర గ్రాము నాణెం అంచున ఒక్క గీటు పడితే అది శాశ్వతం. దానికి బదులు కొట్లో క్యారెట్ మీటర్ (ఏ లోహం ఎంత శాతమో చూపే యంత్రం) ఉంటే దానిలో చూపించండి. ఆ యంత్రం పైపొరను మాత్రమే చూస్తుందని గుర్తుంచుకోండి. భూమిలో శతాబ్దాలున్న నాణెం పైపొరలోంచి రాగి, వెండి కొంత కరిగిపోతాయి, అందుకని లోపల 70 శాతమున్నది పైన ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది. అది తప్పు కాదు. అనుమానించాల్సింది 91.6 అని సరిగ్గా చూపించినప్పుడు. అది నేటి నగల దుకాణపు 916 బంగారం, పసాయ్‌ది కాదు. ఆ యంత్రం చూపే లోహాల జాబితాలో జింక్ కనిపిస్తే చాలా జాగ్రత్తపడండి. కాడ్మియం కనిపిస్తే చర్చ అక్కడితో ముగిసింది, అది ఆధునిక టంకం లోహం. టంకం అంటే మరో సంగతి: ఈ నాణేలను కొక్కెం అతికించి నగలుగా వేసుకోవడం ఉండేది, తర్వాత కొక్కెం ఊడదీసి అమ్ముతారు. కాబట్టి కాడ్మియం అంచున ఒక్కచోటే ఉంటే నాణెం అసలుదై ఉండి, అతుకు కొత్తదై ఉండొచ్చు. అప్పుడు అది నకిలీ కాకపోయినా దెబ్బతిన్న నాణెం, ధర ఆ మేరకే ఇవ్వాలి.

పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం కింద అంచు, అక్షరాల పక్కలు చూడండి. అచ్చుతో కొట్టిన నాణెంలో అక్షరం గోడలు నిటారుగా లేస్తాయి, అంచులో అక్కడక్కడా సన్నటి చీలికలుంటాయి. పోతపోసినదైతే అక్షరాలు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి, నేల మీద సూది మొన గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ సన్నటి గీత ఉండొచ్చు.

ఇక్కడే అచే నుంచి వచ్చిన ఐదు నాణేల విషయానికి వద్దాం. ఒకే అచ్చుతో కొట్టిన నాణేల్లో అక్షరాలు ఒకటే కావచ్చు, కానీ బిళ్ల అంచు వంకర, చీలిక పడిన చోటు, అచ్చు ఎటు జరిగిందన్నది ఏ రెంటికీ కలవదు. ఒక్కొక్కదాన్నీ విడివిడిగా, రెండు పక్కలా, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఐదింటిలో రెండింటికి ఒకే చోట ఒకే చీలిక ఉంటే రెండూ ఒకే మూసలోంచి వచ్చినవి, లాట్ మొత్తం వదిలెయ్యండి.

అవి అసలువే అయినా వద్దనే నా సలహా. 2013 నవంబరులో బందా అచేలోని గంపోంగ్ పండే దగ్గర ఏటి బురదలో ఆల్చిప్పలు ఏరుకునేవారికి బంగారు నాణేలు దొరికాయి. ఊరు ఊరంతా ఏట్లో దిగి వెతికింది, దొరికినవి దొరికినట్టు బంగారం కొట్లకు పోయాయి. ఏ నాణెం దేనితో కలిసి ఉంది, ఎంత లోతున ఉంది అన్నది ఎవరూ రాసుకోలేదు. తేదీలు లేని నాణేలకు కాలం కట్టడానికి ఉన్న గట్టి ఆధారం అవి ఏ నాణేలతో కలిసి దొరికాయన్నదే, అది పోయింది. అలాంటి చోటు నుంచి మట్టి వదలకుండా నేరుగా ఫోన్‌లోకి వచ్చే నాణేన్ని కొనడమంటే ఇంకొకరిని ఏట్లోకి దింపడమే. పైగా ఇండొనేసియా 2010 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం పురావస్తువును మంత్రిత్వ శాఖ అనుమతి లేకుండా, పరిశోధన, ప్రదర్శన వంటి పనులకు తప్ప దేశం దాటించకూడదు. టపాలో మీకు చేరిందంటే ఆ చట్టాన్ని తప్పించుకుని చేరినట్టే. పాత సేకరణల్లోంచి, వేలం చీటీలతో, కాగితాలతో వచ్చే నాణేలు ఖరీదెక్కువైనా అవే కొనండి.

జింక నాణెం గురించి కొంచెం నిష్ఠూరంగా చెప్పాలి. కెలాంతన్, పతానీ ప్రాంతపు ఈ నాణేల మీద ఒక పక్క నాలుగు కాళ్ల జంతువు, రెండో పక్క "మలిక్ అల్‌-ఆదిల్" అనే మాట ఉంటాయి. న్యాయవంతుడైన రాజు అనే తప్ప రాజు పేరు లేదు. చిక్ సితి వాన్ కెంబాంగ్ అనే కెలాంతన్ రాణి పెంచిన కిజాంగ్ జింకే ఇదని కథ. బ్యాంక్ నెగారా మలేసియా చిహ్నం ఈ జింకే, 2001లో ఆ బ్యాంకు తెచ్చిన పెట్టుబడి బంగారు నాణేనికి పెట్టిన పేరు కూడా కిజాంగ్ ఎమాస్. అందువల్ల మలేసియాలో దీనికి ఆదరణ చాలా ఎక్కువ, ఆదరణ ఉన్నచోట నకిలీలూ ఎక్కువే. మీ వ్యాపారి రాణి పేరు, ఏలిన సంవత్సరాలు చెప్పి ధర పెంచితే ఒప్పుకోకండి, నాణెం మీద లేనిదానికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. మీరొక పని చెయ్యవచ్చు. ఆ జంతువు వీపు చూడండి. చాలా నాణేల్లో మెడ వెనక మూపురం స్పష్టంగా ఉంటుంది. జింకకు మూపురమెక్కడిది? దక్షిణ భారతపు నాణేల మీది నంది ఇక్కడికొచ్చి స్థిరపడిందనే వాదనకు ఇదే బలం. పణాలు చూసి పెరిగిన మీ కంటికి అది వెంటనే పడుతుంది.

ఆ పణాలతో ఇంకో లాభముంది. విజయనగరపు పణం 0.35–0.40 గ్రాముల దగ్గర తూగుతుంది, ముఖం చిన్నది. పసాయ్ నాణెం దానికన్నా పలుచన, వెడల్పు. కొత్త త్రాసు, వెర్నియర్, నీటి పరీక్ష అన్నీ ముందు నాన్నగారి పణాల మీద చేసి చెయ్యి కుదుర్చుకోండి. అసలు నాణెం నీళ్లలో ఎలా తూగుతుందో తెలిసిన చేతికి నకిలీ తేడా తెలుస్తుంది.

బరువుల పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. పాత జావాలో 1 తహిల్ అంటే 16 మాసలు, 1 మాస అంటే 4 కుపాంగ్‌లు. మాస 2.4 గ్రాములు, కుపాంగ్ 0.6 గ్రాములు. మాస అన్నది మన మాషమే, మినప గింజ పేరుతో పుట్టిన తూకం. మలయ్‌లో బంగారానికి వాడే "మాస్, ఎమాస్" అన్న మాట దీనినుంచే వచ్చిందని చెప్పే పండితులూ ఉన్నారు. అసలు తిరకాసు ఇక్కడుంది: 16వ శతాబ్దపు జొహోర్‌లో మాస్ అంటే 2.4 గ్రాములు దాటిన నాణెం, అరగ్రాము పైది కుపాంగ్. అచేలో మాత్రం 0.6 గ్రాముల నాణేన్నే మాస్ అన్నారు. "మాస్" అని రాసి అమ్ముతున్నారంటే ఏ రాజ్యపు మాస్ అని అడిగి, బరువు చూసి ధర మాట్లాడండి. జొహోర్ నాణేల్లో ఎనిమిది మూలలవి ఉంటాయి, వాటి ఆకారమే గుర్తు. అచేలో ఆ 0.6 గ్రాముల నాణేన్ని స్థానికంగా దెరెహమ్ అంటారు. దిర్హమ్ అంటే మిగతా ముస్లిం దేశాల్లో వెండి నాణెం, ఇక్కడ బంగారం. "దిర్హమ్ కాబట్టి వెండి కలిసింది" అన్న మాట ఎవరైనా చెబితే అది పొరపాటు.

ఇంకా వెనక్కి వెళ్లాలనిపిస్తే, ఇస్లాం రాకముందు నాణేలున్నాయి. జావాలో గింజలాంటి చిన్న బంగారు ముక్కలు, ఒక పక్క నాగరి "త" అక్షరం, రెండో పక్క రెండు గదుల గుంట ముద్ర. సుమత్రా పడమటి తీరంలో బారుస్ దగ్గర లోబు తువాలో దొరికినవాటి మీద నాలుగు రేకుల గంధపు పువ్వు, వెనక నాగరి "మ" ఉంటాయి. ఆ ఊళ్లోనే 1088 నాటి తమిళ శాసనం దొరికింది. అది వేయించినది మన అయ్యావళి వంటి ఐదువందలవారి వర్తక శ్రేణి. కర్పూరం కోసం అక్కడికి వెళ్లేవారు. ఫిలిప్పీన్స్‌లో దొరికే పిలోన్సిటోలు కూడా ఈ కుటుంబానివే, 0.09 గ్రాముల నుంచి 2.65 గ్రాముల దాకా ఉంటాయి. ఇవి అందరికీ ముద్దొస్తాయి, కానీ మొదటి రెండేళ్లు వీటి జోలికి పోవద్దంటాను. మీద ఉన్నది ఒకే ఒక్క అక్షరం. చదివి నకిలీని పట్టే దారి ఇక్కడ లేదు. చిన్న ఉలితో ఒక అక్షరం కొట్టడం ఏ చేతికైనా సాధ్యమే. ఫిలిప్పీన్స్ నుంచి బయటికి రావాలంటే ఆ దేశపు సాంస్కృతిక వారసత్వ చట్టం కింద అనుమతి కావాలి, దాదాపు ఎవరూ చూపించలేరు.

కాబట్టి మొదటి నాణెంగా ఏది? నా మాటగా చెబితే, స్పష్టంగా చదవగలిగే అచే నాణెం ఒకటి, 16వ శతాబ్దపు అలావుద్దీన్ రియాయత్ షా అల్‌-కహార్‌దైతే మంచిది. పేరు పొడవైనది, అక్షరాలు గుర్తుపట్టడానికి మంచి పాఠం. తర్వాత 1641 నుంచి 1675 దాకా ఏలిన రాణి తాజుల్ ఆలమ్ సఫియతుద్దీన్ షాది. అది మధ్యయుగం దాటినదే, అయినా అందులో మలయ్ ఆస్థాన బిరుదులు అరబీ లిపిలో కనిపిస్తాయి. "పాదుక శ్రీ" అన్న మాట ఆ లిపిలో గుర్తుపట్టిన రోజు మీకు కలిగే సంతోషం వేరు. ఆ రోజుల్లో మచిలీపట్నం ఓడలు గుడ్డలు మోసుకుని అచే రేవుకు వెళ్లేవి, మన నేతగాళ్ల చీరలకు మారుగా చేతులు మారిన డబ్బులో ఈ నాణెమూ ఉండేది. ఈ రెండూ చదవడం వచ్చాక పసాయ్‌కు వెళ్లండి, ముహమ్మద్, అహ్మద్ తేడా మీరే చూసుకోగలరు.

ధర మాట: 0.58 గ్రాముల నాణెంలో 70 శాతం లెక్కన స్వచ్ఛమైన బంగారం 0.41 గ్రాములు. "బంగారం రేటు పెరిగింది కదా" అని వ్యాపారి ధర పెంచితే ఈ గుణకారం చేసి చూపించండి. పైదంతా రాజు పేరుకు, స్పష్టతకు, అరుదుదనానికి ఇచ్చేది. దానికి కొలత, ఇంతకుముందు జరిగిన వేలాల్లో అదే రాజు నాణేలు నిజంగా అమ్ముడైన ధరలు. అడుగుతున్న ధరలు లెక్కలోకి తీసుకోకండి. కనీసం మూడు అమ్మకాలు చూసి మధ్యది పట్టుకోండి. అసలుది కాదని తేలితే 30 రోజుల్లో తిరిగి తీసుకుంటానని రసీదు మీద రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర కొనకండి.

తీసుకురావడం గురించి. మలేసియాలో 2005 నాటి జాతీయ వారసత్వ చట్టం ఉంది. వారసత్వ వస్తువును దేశం బయటికి తీసుకెళ్లాలంటే లైసెన్సు కావాలి. జాతీయ వారసత్వ శాఖకు ఫొటో, బరువు, కొన్న రసీదు పంపి లిఖితపూర్వకంగా అడగండి, జవాబు వచ్చాకే ప్రయాణం. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో దిగాక కస్టమ్స్ వారి ఎర్ర దారిలోనే వెళ్లి ప్రకటించండి. నగలకిచ్చే సుంకం మినహాయింపు నాణేలకు వర్తించదు. పాత నాణెమని రుజువయ్యే కాగితాలు లేకపోతే అధికారికి అది మామూలు బంగారపు నాణెమే.

చాలామంది మరిచిపోయేది దీని తర్వాతి అడుగు. భారత పురావస్తు చట్టం, 1972 ప్రకారం నూరేళ్లు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే, అది ఏ దేశంలో పుట్టిందన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అంటే ఒకసారి తెనాలి చేరిన నాణేన్ని మళ్లీ సింగపూర్ వేలానికో, గ్రేడింగ్ కోసం (నాణెం అసలుదనం, స్థితి నిర్ధారింపజేయడానికి) అమెరికాకో పంపుదామంటే కుదరదు. తిరిగి అమ్మే ఆలోచన, గ్రేడింగ్ చేయించే ఆలోచన ఉంటే అక్కడున్నప్పుడే ముగించండి. కలకాలం ఇంట్లో ఉంచుకోవడానికైతేనే తీసుకురండి. నాన్నగారి పణాలు ఇంకా తెనాలిలోనే ఉంటే వాటిని పోల్చి చూడటానికని అక్కడికి తీసుకెళ్లకండి, పై పరీక్షలు ఇంట్లోనే చేసుకోండి; అవీ అదే చట్టం కిందికి వస్తాయి. అవి ఇప్పటికే మీతో కౌలాలంపూర్‌లో ఉంటే ఎవరైనా నిపుణుడైన న్యాయవాదిని అడిగి ముందుకెళ్లండి.

దాచుకోవడంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒక్కటే: తోమడం. చింతపండు, కుంకుడు రసం, పళ్లపొడి, ఏదీ వద్దు. 70 శాతం బంగారం కాస్త ఎర్రబారడం సహజం, ఆ రంగే పాతదనానికి సాక్ష్యం. జిడ్డు అంటితే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి ఒక నిమిషం ఉంచి, తుడవకుండా, దూది కాగితం మీద ఆరనివ్వండి. మంట దగ్గర చెయ్యకండి. వంగిన నాణేన్ని సరిచెయ్యబోకండి, విరుగుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు జిగురు వదులుతాయి, గట్టి పాలిస్టర్ కవరుగానీ ఆమ్లం లేని కాగితపు చిన్న సంచిగానీ వాడండి. ప్రతి సంచి మీద బరువు మూడు దశాంశాలతో, వ్యాసం, రాజు పేరు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో రాయండి. చూసేటప్పుడు తువ్వాలు పరిచిన పళ్లెంలో చూడండి. 11 మిల్లీమీటర్ల పలుచని బిళ్ల గచ్చు మీద పడితే దొర్లి ఏ మూలకు పోతుందో చెప్పలేం.

ఇక రేపటి పని. కౌలాలంపూర్‌లోనే బ్యాంక్ నెగారా మ్యూజియంలో నాణేల గది ఉంది. ముందు అక్కడికి వెళ్లి అసలు నాణెం మీద ఆ తొమ్మిది నిలువు గీతలు లెక్కపెట్టండి. వీలైతే రెండుసార్లు వెళ్లండి. ఆ తర్వాత వ్యాపారి దగ్గరికి త్రాసు, వెర్నియర్, భూతద్దంతో వెళ్లి, పసాయ్ నాణేన్ని రాజు పేరున్న వైపు తిప్పి, బిరుదు పక్కన కుడి చివర ముడి ఉందో, నిలువు గీత ఉందో చూడండి. ముడి ఉంటే అది ముహమ్మద్‌ది, అంటే 1297–1326 మధ్యది, ఆయన చెప్పిన కాలం దాదాపు సరైనదే. గీత ఉంటే అది ముహమ్మద్‌ది కాదు, తర్వాతివాడిది. ఆ మాట ఆయనకు చూపించి, దాన్నిబట్టి ధర మాట్లాడండి.